పురిటి గది గోడ

జూన్ 8, ఆదివారం

ఆ తొట్టి ఇంకా అక్కడే ఉంది. మా తమ్ముడు వీర్రాజు పెరట్లో, నడిమి గోడకి ఆనించి కట్టిన నీళ్ళ తొట్టి. ఇల్లు పంచుకున్న ఏడాదే కట్టాడు. అప్పుడే చెప్పాను — గోడకి ఆనించకురా, నెమ్మెక్కుతుంది. "గోడలో సగం నాది" అన్నాడు. సగం వాడిదే. కాదనను. నెమ్ము మాత్రం మొత్తం నాకు.

అప్పట్నుంచీ మాటల్లేవు. ఒకటే కప్పు. పడమటి వాటాలో నేను, తూర్పు వాటాలో వాడు. మధ్యలో మా నాన్న కట్టిన రాతి గోడ. ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టడం మానేశాను.

ఎరువుల కొట్టాయన డైరీ ఇచ్చాడు. మూడో తరగతి చదువు నాది. అయినా అక్షరాలు మర్చిపోలేదు. ఎవడూ చదవడు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయొచ్చు. ముందు ఇదే రాస్తున్నాను. తొట్టి తియ్యలేదు. గోడ పాడైంది. తప్పు వాడిది.

జూన్ 10, మంగళవారం

హారిక ఫోను. మా అబ్బాయి సూర్యం కూతురు. కడుపుతో ఉంది, ఐదో నెల. "తాతయ్యా, నా గది నాకే కదా" అంటుంది. నీకు కాక ఎవరికే అన్నాను.

ఆషాఢంలో తీసుకురాకూడదు. శ్రావణం పెట్టాక ఏడో నెల పడుతుంది, అప్పుడు తెచ్చుకుంటాం. కాన్పు ఆసుపత్రిలోనే అనుకో. తర్వాత తల్లీ బిడ్డా ఉండేది మన ఇంట్లో. తొలి పురుడు పుట్టింట్లో — అందులో వేరే మాట లేదు.

గదంటే నడిమి గోడ పక్క గది. మా మేనత్తల పురుళ్ళన్నీ అందులోనే అయ్యాయి. పురిటి గది అనే పేరు దానికి. మేడ మీద గది ఉంది గానీ నిండు మనిషిని మెట్లెక్కించకూడదు. ముందు హాలు వచ్చేపోయేవాళ్ళది. ఉన్నది అదొక్కటే.

వెళ్ళి గోడ చూశాను. నడుం ఎత్తు దాకా నల్లగా ఉంది. పైన పెచ్చులు. చెయ్యి పెడితే చల్లగా తగిలింది, కప్ప వీపులా.

జూన్ 11, బుధవారం

కోడలు వరలక్ష్మి ఆ గదిలోంచి బట్టల పెట్టె బయటికి తీసింది. అడుగు చీరలకి బూజు. ఏమీ అనలేదు. ఎండలో ఆరేసింది. అనకపోతే ఎక్కువ తగులుతుంది.

జూన్ 13, శుక్రవారం

హారిక అత్తగారు రాజమండ్రి నుంచి ఫోను చేసింది. నేను వినాలని వరలక్ష్మి స్పీకరు పెట్టింది. చాలా మర్యాదస్తురాలు ఆవిడ. మాట మాటకీ అండి.

"ఏమీ అనుకోకండి వదినగారూ... పిల్లకి చిన్నప్పట్నుంచీ ఉబ్బసం కదండీ. మీ గదిలో నెమ్ముందని అమ్మాయే అందండి. నెమ్ము గదిలో ఉంచొద్దని డాక్టరమ్మగారు గట్టిగా చెప్పారండి. దింపడానికి నేనూ వస్తానండి. గది పొడిగా ఉంటే వదిలి వెళతానండి. లేదంటే నాతో తీసుకొచ్చేసి పురుడు ఇక్కడే పోసుకుంటానండి. మాకేం బరువు కాదండి."

మాకేం బరువు కాదంట. మన ఇంటి పిల్లకి తొలి పురుడు అత్తారింట్లో. ఊళ్ళో ఏమంటారు — గోడ బాగుచేయించలేక పంపేశారంటారు.

ఆవిడ మాటలో తప్పు లేదు. అదే మంట. చిన్నప్పుడు హారిక ఆ గదిలోనే పడుకునేది. వానాకాలం వస్తే రొమ్ములో పిల్లికూతలు. మా ఆవిడ భుజాన వేసుకుని వసారాలో తిరిగేది. మా ఆవిడ పోయింది. పిల్లికూతలు నా చెవిలో ఉన్నాయి.

జూన్ 15, ఆదివారం

సూర్యం ఫోనులో వీడియో చూసి డబ్బా రంగు తెచ్చాడు. నీళ్ళు పట్టని రంగంట. "పదేళ్ళు గ్యారంటీ నాన్నా." గోడకా, డబ్బాకా అన్నాను. సాయంత్రానికి గోడంతా వేశాడు. మెరుస్తోంది. నాకు నమ్మకం లేదు.

జూన్ 17, మంగళవారం

నేనూ వీర్రాజూ మాట్లాడుకోం. అంటే ఎదురుబడి. పొద్దున్నే పాలు తీస్తూ నేను చెప్పాల్సింది గేదెకి చెబుతాను, గొంతు కాస్త పెంచి. వాడు అటు పెరట్లో పుంజుకి మేత వేస్తూ దానికి చెబుతాడు. వరి ధర, కరెంటు కోత, ఊళ్ళో చావులు, పెళ్ళిళ్ళు — అన్నీ ఇలాగే తెలుస్తాయి. అటు వాడి భార్య మంగ నవ్వడం కూడా వినపడుతుంది.

ఇవాళ గేదెతో అన్నాను. "ఏమే, హారికని పురిటికి తెస్తున్నాం. పిల్లకి ఉబ్బసం. నెమ్ము పోకపోతే వెనక్కి తీసుకుపోతానంటోంది వాళ్ళత్తగారు. తొట్లు కట్టుకున్నోళ్ళకి ఏం పోయింది."

పుంజుతో వాడేమీ అనలేదు. పుంజూ కూయలేదు.

జూన్ 19, గురువారం

రంగు పొంగింది. పూరీ పొంగినట్టు. వేలితో నొక్కితే పగిలి లోపల్నుంచి నీళ్ళు. సూర్యం ఆ వీడియో మళ్ళీ మొదటి నుంచి చూస్తున్నాడు.

జూన్ 20, శుక్రవారం

తాపీమేస్త్రి వచ్చాడు. "సిమెంటు చెక్కేసి మళ్ళీ సిమెంటు కొడతానండి."

"పోయినసారీ అదేగా కొట్టావు."

"ఆయ్. కొట్టానండి."

"ఏమైంది మరి?"

"పోయిందండి."

నిజం చెప్పాడు కాబట్టి టీ ఇచ్చి పంపించాను.

జూన్ 21, శనివారం

ఉలీ సుత్తీ తీసుకుని సిమెంటంతా నేనే రాలగొట్టాను. సూర్యం పట్టుకోబోతే పొమ్మన్నాను. సిమెంటు కింద మా నాన్న రాయి బయటపడింది. కొండరాయి. పట్టిసీమ పై కొండల్నుంచి ఆయన పడవ మీద దింపేవాడు, కింద ఏటిగట్ల పనులకి. దారిలో మన రేవులో నాలుగేసి రాళ్ళు దిగేవి. అలా పోగై ఇల్లయింది. అడిగి తెచ్చాడో అడక్కుండా తెచ్చాడో, నేనడగలేదు.

రాయికేమీ కాలేదు. చుట్టూ సున్నమే తడిసి మెత్తగా ఉంది. అటు తొట్టి ఉంటే ఇటు ఎలా ఆరుతుంది.

జూన్ 22, ఆదివారం

పొద్దున్నే అటు సమ్మెట దెబ్బలు. పెరటి పిట్టగోడ మీంచి చూశాను. తొట్టి పగలగొడుతున్నాడు. డెబ్భై దాటాడు. ఒక్కడే. చొక్కా లేదు, నడుముకి తువ్వాలు. దెబ్బ దెబ్బకీ ఆగి ఊపిరి పీల్చుకుంటున్నాడు.

నన్ను చూడనట్టే ఉన్నాడు. చూశాడు. పుంజుతో అన్నాడు — "తొట్టి పోయిందిరా. ఇక గోడ ఆరిపోవాలి మరి. చూద్దాం."

పిల్ల కోసం తీశాడు. నా కోసం కాదు. తెలుసు.

ఇవాళ గేదెకి ఏమీ చెప్పలేదు.

జూన్ 28, శనివారం

ఆషాఢం వచ్చింది. తొట్టి లేదు. గోడ తడిగానే ఉంది. పాత నెమ్ము కదా, టైము పడుతుంది.

జూన్ 30, సోమవారం

నారుమడి బాగుంది. గోడ బాగాలేదు.

జూలై 2, బుధవారం

వాన పడితే తడి, సరే. వాన లేనప్పుడు కూడా, ఉక్క పోస్తే చాలు — గోడకి చెమట. మనిషికి పట్టినట్టు.

వరలక్ష్మి మెల్లిగా అంది. "మావయ్యగారూ, తొట్టి వల్ల కాదేమోనండి."

"నువ్వు పొయ్యి సంగతి చూసుకో" అన్నాను.

చూసుకుంది. పప్పులో ఉప్పెక్కువైంది.

జూలై 4, శుక్రవారం

మంగ వచ్చింది, గిన్నెతో. "కందా బచ్చలండి బావగారూ. మీకిష్టమని." మాటల్లేనిది నాకూ వాడికీ. ఆడవాళ్ళ మధ్య గిన్నెలు తిరుగుతూనే ఉంటాయి. నేను అడ్డం చెప్పలేదు ఎప్పుడూ.

గదిలోకి వచ్చి గోడ చూసింది. అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచింది. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"ఆయన ఒక మాట చెప్పమన్నారండి. చెప్పనా?"

"పుంజు చెప్పిందా?"

"కాదండీ, ఆయనే. గోడకి నాలిక పెట్టి చూడమన్నారండి."

"నాకమన్నాడా."

"చూడమన్నారండి బావగారూ. నిజంగానే అన్నారు, వెటకారం కాదండి."

డెబ్భై ఎనిమిదేళ్ళొచ్చి వాడు చెప్పాడని గోడ నాకాలా.

కూర బాగుంది. అది వేరే సంగతి.

జూలై 6, ఆదివారం

నాకను.

జూలై 8, మంగళవారం

సూర్యం పొలం వెళ్ళాడు. వరలక్ష్మి మధ్యాహ్నం కునుకు తీస్తోంది. గది తలుపు దగ్గరగా వేశాను. వంగడం కుదరదు, కింద కూర్చున్నాను. తువ్వాలుతో రాయి తుడిచి నాలిక పెట్టాను.

ఉప్పు.

ఇంకో రాయికి పెట్టాను. ఉప్పు. రాళ్ళ మధ్య సున్నానికి పెట్టాను. ఒట్టి ఉప్పు, గరిటెతో తిన్నట్టు.

వెనక చప్పుడైతే తిరిగాను. వరలక్ష్మి. నా ముఖమూ చూసింది, గోడా చూసింది. "మంచినీళ్ళు తెమ్మంటారా మావయ్యగారూ" అంది. అంతే. వంటింట్లోకి వెళ్ళాక గిన్నె జారిపడిన చప్పుడు. నవ్వుకుని ఉంటుంది. నవ్వుకోనీ.

జూలై 9, బుధవారం

ఉప్పు అనగానే అంతా తిరిగొచ్చింది.

నాన్న పడవ కిందికి రాయి మోసేది. వచ్చేటప్పుడు ఖాళీగా రాకూడదని సముద్రం వైపు నుంచి ఉప్పు తెచ్చేవాడు. కాలవల్లో లాకులు దాటుకుంటూ, తాడు పట్టి లాగించుకుంటూ. ఆ ఉప్పు బస్తాలన్నీ ఈ గదిలోనే దించేవారు. దూలాల దాకా పేర్చి. కొన్ని అమ్మి, కొన్ని పై ఊళ్ళకి బళ్ళ మీద పంపి, మళ్ళీ నింపి. నా చిన్నతనమంతా అంతే. వానాకాలం బస్తాలు చెమర్చి కారేవి. ఆ కారిందంతా గోడ తాగింది.

మూత పెట్టని జాడీలో ఉప్పు ఎలా తడి లాక్కుంటుందో ఈ గోడా అలాగే లాక్కుంటోంది. గాలిలోంచి. దానికి తొట్టి అక్కర్లేదు.

వీర్రాజుకి తెలుసు. వాడు పెద్దయ్యాక నాన్నతో పడవెక్కాడు. నేను పొలం చూసుకున్నాను. ఉప్పు సంగతి వాడిది, మట్టి సంగతి నాది. తెలిసీ ఇన్నేళ్ళు చెప్పలేదు. తొట్టి తొట్టి అని నేను అరుస్తుంటే అటు కూర్చుని విన్నాడు.

తొట్టి వల్ల కూడా నెమ్మే. ఆ మాట వెనక్కి తీసుకోను.

జూలై 10, గురువారం

పొద్దుట్నుంచీ ఒకటే ఆలోచన. ఉప్పు కొట్టులో మేనత్తల పురుళ్ళు ఎలా పోశారు?

గుర్తొచ్చింది. నోరు కడుక్కుంటూ ఉంటే గుర్తొచ్చింది.

ఇంట్లో పురుడంటే ముందే బస్తాలు వసారాలోకి తీసేవారు. తర్వాత గోడకి మట్టి తినిపించేవారు. అమ్మ మాట అది — మట్టి తినిపించడం. ఏటి ఒండ్రులో ఊక కలిపి, కాళ్ళతో తొక్కి, గోడకి రొట్టె మందాన పూసేవారు. ఆరేకొద్దీ మట్టి గోడలో ఉప్పుని లాక్కునేది. పైన తెల్లగా పూసేది. పెళ్ళలు ఊడదీసి ఏట్లో కలిపేవారు. మళ్ళీ పూత. ఉప్పు రావడం ఆగేదాకా. తర్వాత సున్నం కొట్టి, గది కడిగి, మంచం వేసేవారు.

విన్నది కాదు. చూశాను. నేను పుట్టింది అమ్మమ్మ గారింట్లో. వీర్రాజు రెండో కాన్పు, అమ్మకి పురుడు ఇక్కడే పోశారు. ఆ గదిలో పుట్టింది వాడు. నాకప్పుడు ఆరేళ్ళు. పడవ వాళ్ళ వెనకాల చిన్న తట్టలో ఒండ్రు మోశాను. గట్టు ఎక్కీ దిగీ, మెడంతా కారింది. "నాన్నా, తమ్ముడా చెల్లా" అంటే — "నువ్వు మొయ్యి. ఎవరో ఒకరు వస్తారు" అన్నాడు.

మోశాను. వీడొచ్చాడు.

జూలై 11, శుక్రవారం

గోదారికి ఎర్రనీళ్ళు. పోలవరం దగ్గర అప్పుడే పెరిగిందంటున్నారు. ఇంకో రెండ్రోజులాగితే రేవు దిగనివ్వరు. సూర్యాన్ని తీసుకుని వెళ్ళి ట్రాక్టరు మీద ఒండ్రు తెచ్చాం. మిల్లు దగ్గర ఊక ఊరికే ఇచ్చారు.

పెరట్లో పోసి తొక్కాను. వరలక్ష్మి "మీరు జారతారండీ" అంటూ చెయ్యి పట్టుకునే ఉంది. మట్టి కాళ్ళకి తెలుస్తుంది, ఎప్పుడు చాలో. సాయంత్రానికి గోడ కప్పేశాం. టేబుల్ ఫ్యాను పెట్టాను. మూల కుంపటి. గదంతా ఏటి వాసన.

జూలై 12, శనివారం

నడుం నొప్పి. ఎవరికీ చెప్పలేదు. తెలిసిపోయింది. వేన్నీళ్ళు కాచింది కోడలు.

జూలై 14, సోమవారం

ఆరింది. మట్టి మీద తెల్లటి నూగు మొలిచింది, కొత్త మీసంలా. సూర్యం ఒక పెళ్ళ విరిచి నాలిక మీద పెట్టుకున్నాడు. "నిజమే నాన్నా." ఇప్పుడు ఇంట్లో అందరం నాకేవాళ్ళమే.

పెళ్ళలన్నీ బుట్టల్లో తీసుకెళ్ళి, రేవు దిగనివ్వకపోతే గట్టు మీంచే ఏట్లో కలిపాం. సముద్రం నుంచి వచ్చింది, సముద్రానికే పోయింది. రెండో పూత వేశాం.

జూలై 15, మంగళవారం

హారికకి రోజు పెట్టారు. ఆగస్టు ఏడు, గురువారం. వాళ్ళత్తగారూ వస్తుంది, గది చూడ్డానికి. "గోడకి మట్టి పూశారంటగా తాతయ్యా, మా ఆయన నవ్వుతున్నాడు" అంది ఫోనులో. నవ్వమను. బిడ్డ ఏడిస్తే నవ్వడు.

మాట్లాడుతూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటోంది. కడుపుతో ఉన్నోళ్ళకి అది మామూలే అంటుంది వరలక్ష్మి. నాకు మామూలుగా వినపడలేదు.

జూలై 17, గురువారం

రెండో పూత ఊడదీశాను. ఉప్పు అంతే వచ్చింది. కాస్త కూడా తగ్గలేదు.

గోడకి ఎదురుగా కూర్చుని చూశాను. ఇటు మట్టి పీలుస్తోంది. అటు? అటు వీర్రాజు సిమెంటు, దాని మీద టైల్స్. అటు ఊపిరాడదు. మూరెడు దాటిన మందం గోడ, అందులో ఉప్పంతా ఇటే రావాలి. ఇలా అయితే హారిక బిడ్డకి పెళ్ళయ్యేదాకా పూస్తూనే ఉండాలి. నాన్న రెండు వైపులా ఒకే రోజు పూయించేవాడు. అప్పుడు అటూ ఇటూ ఒకటే ఇల్లు.

తొట్టి ఉన్న పెరటి మూల పోగా, అటు ఉన్నదంతా మంగ వంటిల్లు. పోయినేడే కట్టారు. నల్ల గ్రానైటు గట్టు, గోడ పొడుగునా తెల్ల టైల్స్. కాపురానికి వచ్చినప్పట్నుంచీ పెరట్లో రేకుల కింద, కట్టెల పొగలో వండింది మనిషి. వాన కొడితే గొడుగు పట్టుకుని పప్పు కలిపేది. వంటిల్లు పూర్తయిన రోజు వీర్రాజు లేనప్పుడు చూసి నన్ను పిలిచి చూపించింది. "అద్దంలా ఉంది కదండీ బావగారూ." ఉందన్నాను. నిజంగానే ఉంది. నా ముఖం కనపడింది.

ఇప్పుడు ఆ టైల్సు తియ్యమనాలి.

జూలై 18, శుక్రవారం

గేదెతో అన్నాను. "మట్టి రెండు వైపులా పెట్టాలే. ఒక వైపు పెడితే లాభం లేదు. అటు వైపు టైల్స్ అడ్డం."

అటు మేత చల్లే చప్పుడు ఆగింది. ఇవాళ మంగ నవ్వు కూడా వినపడలేదు.

జూలై 19, శనివారం

కందా బచ్చలి గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని వరలక్ష్మి గారెలు వేసి తీసుకెళ్ళింది. వచ్చి చెప్పింది — "చినత్తయ్యగారు టైల్స్ తుడుస్తున్నారండి. పొద్దున్న తుడిచినవే మళ్ళీ తుడుస్తున్నారు. నాతో సరిగ్గా మాట్లాడలేదండి."

జూలై 20, ఆదివారం

వెళ్ళాను.

పెరటి గోడ మీంచి కాదు. ఉతికిన పంచె కట్టుకుని, మా గుమ్మం దిగి, వీధిలోకి వచ్చి, పక్క గుమ్మం ఎక్కాను. వీధిలో వాళ్ళు చూశారు. చూడనీ.

అరుగు మీద పుంజు. మేం మాట్లాడుకున్నవన్నీ విన్న పుంజు. నన్ను చూసి పక్కకి జరిగింది.

వీర్రాజు కుర్చీలో టీవీ చూస్తున్నాడు. నన్ను చూసి టీవీ కట్టేశాడు. లేవలేదు. మంగ "రండి బావగారూ" అని కుర్చీ వేసింది. కూర్చోలేదు. వాడు ముసలాడైపోయాడు. గోడ మీంచి చూస్తే ఇంత తెలియలేదు.

వాడే ముందు. "నాకావా?"

"నాకాను."

"ఉప్పేనా?"

"ఉప్పే. తెలిసి చెప్పలేదేం?"

"నువ్వడిగావా? తొట్టి తియ్యమన్నావు. గోడకి ఏమైందిరా అని ఎప్పుడన్నా అడిగావా?"

మంగ వేసిన కుర్చీ పట్టుకున్నాను. వాడు ఆపలేదు.

"తొట్టి అన్నావు, తీశాను. ఇప్పుడు టైల్స్ అంటున్నావు. రేపు వీర్రాజుని తియ్యమంటావు."

"నిన్ను తియ్యాలంటే ఎప్పుడో తీసేవాణ్ణి."

మంగ నవ్వింది. వెంటనే ఆపుకుంది.

అప్పుడు చెప్పాను. ఆ గదిలో పుట్టింది నువ్వురా. నువ్వొస్తావని ఆ గోడకి మట్టి పెట్టారు. రెండు వైపులా. ఆ మట్టి నేను మోశాను, ఆరేళ్ళవాణ్ణి.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పాలి. మోసినోణ్ణి నేను."

వాడికి తెలియదు. పడవ సంగతులు, ఉప్పు సంగతులు అన్నీ తెలిసినవాడికి అది తెలియదు. చాలాసేపు టీవీ వైపు చూశాడు. టీవీలో ఏమీ లేదు.

"వంటిల్లు నాది కాదన్నయ్యా. దానిది."

అన్నయ్యా అన్నాడు. ఆ మాట విని ఎన్నాళ్ళో. వచ్చిన పని మర్చిపోయేవాణ్ణి.

ఇద్దరం మంగ వైపు చూశాం. మంగ కొంగు చుట్టుకుంటూ నిలబడింది.

"గేదెకి చెప్పారండి. కోడికి చెప్పారు. నన్నెవరూ అడగలేదండి."

గొంతు పెంచలేదు. అరుగు మీద పుంజు కూడా విని ఉండదు.

"అడుగుతున్నాను. తియ్యి" అన్నాను.

"అది అడిగినట్టు లేదండి బావగారూ."

ఎలా అడగాలో నాకు రాదు. ఎవరినీ అడగలేదు జన్మలో. టైల్స్ పోయినా మట్టి పని అయ్యాక గానుగ సున్నం పెట్టిస్తాను, నునుపు రాయితో రుద్దిస్తాను, అదీ అద్దంలానే ఉంటుంది అన్నాను. పాత ఇళ్ళలో చూశావుగా అన్నాను. తలూపింది. ఊపడం వేరు, ఒప్పుకోవడం వేరు.

"ఆలోచించుకోనివ్వండి."

వస్తుంటే వీర్రాజు గుమ్మం దాకా వచ్చాడు.

జూలై 21, సోమవారం

మూడో పూత వేశాం. ఇటు వైపే. ఊరికే కూర్చోలేక.

పొద్దున్న పాలు తీస్తుంటే అటు పుంజుతో అంటున్నాడు — "మీ పెద్దాయనకి అడగడం రాదురా." గేదెతో నేనేమీ అనలేదు. దానికీ అలవాటు తప్పాలి.

సూర్యం లెక్క చెప్పాడు. గురువారం అమావాస్య, ఆ రోజు గోడ ముట్టుకోరు. శుక్రవారం నుంచి శ్రావణం, నోముల నెలలో వంటిల్లు పగలగొట్టరు. మంగ టైల్స్ మీద పలుగు పడితే అంతకు ముందే పడాలి. అక్కణ్ణుంచి రెండు వైపులా పూసి, ఆరబెట్టి, ఊడదీసి, మళ్ళీ పూసి — ఆగస్టు ఏడు నాటికి పొడి గోడ చూపించాలి హారిక అత్తగారికి. చూపించకపోతే పిల్ల వచ్చిన కారులోనే వెనక్కి.

సాయంత్రం పాల చెంబు పక్కన పెట్టి లేచాను. పిట్టగోడ దగ్గరికి వెళ్ళి పేరు పెట్టి పిలిచాను. "మంగా." తడి చేతులతో వచ్చింది. వెనకాల వంటింట్లో లైటు వేసి ఉంది. టైల్స్ తెల్లగా కనపడుతున్నాయి ఇక్కడికి.

నేర్చుకుని వెళ్ళిన మాటలు రాలేదు. వచ్చినవి అన్నాను. ఆ పిల్ల రొమ్ములో పిల్లికూతలు నువ్వూ విన్నావు, నువ్వూ ఎత్తుకు తిరిగావు. వంటిల్లు నీకెంతో నాకు తెలుసు. కాదన్నా నీ మీద కోపం పెట్టుకోను, పెట్టుకుని ఏం బావుకున్నాను. కానీ నాన్చొద్దమ్మా. బుధవారం పొద్దుగూకే లోగా చెప్పు. అవునో కాదో. వాడితో చెప్పించొద్దు. పుంజుతో అసలే వద్దు. వీధి గుమ్మంలోంచి రా. వచ్చి నా ఎదురుగా నిలబడి నాకు చెప్పు.